కడుపు మాడ్చుకోకుండా బరువు తగ్గడం ఎలా

“పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక పుల్కా, రాత్రి గ్లాసుడు మజ్జిగ. నెల రోజులైంది. అయినా ముల్లు కదలట్లేదు. ఇంకేం మానెయ్యమంటారు?”

మా విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకొచ్చేవాళ్ళ నుంచి మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసేవాళ్ళ దాకా నన్ను అడిగేది ఇదే. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. జవాబు ముందే చెప్పేస్తాను. ఇంకేమీ మానెయ్యకండి. మీరు తినేదే తక్కువైంది, ముందు దాన్ని సరిపడా చేసుకోండి.

ఆ దారిలో వెళ్ళి దెబ్బతిన్నదాన్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా చెల్లి పెళ్ళికి మూడు నెలల ముందు ఒకచోట డబ్బు కట్టి డైట్ చార్టు తెచ్చుకున్నాను. తర్వాత నేనే కూర్చుని లెక్కేస్తే అది రోజుకు 800 కేలరీలు కూడా లేదు. 9 కిలోలు తగ్గాను. పెళ్ళైన నెలకు తల దువ్వుకుంటే దువ్వెన పళ్ళు కనబడనంత జుట్టు వచ్చేది. రెండు నెలలు నెలసరి రాలేదు. ఏడాది తిరక్కుండానే 11 కిలోలు వెనక్కొచ్చాయి. రెండోసారి కింద చెప్పిన పద్ధతిలో వెళ్ళాను. 12 కిలోలు తగ్గడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలల్లో ఒక్కరాత్రి కూడా ఆకలితో పడుకోలేదు.

వీళ్ళు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళలోపు పిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్ళు (తిన్నది కక్కేసుకోవడం, రోజుల తరబడి తినకపోవడం లాంటివి) డాక్టరును కలవకుండా ఇందులో ఏదీ చెయ్యొద్దు. 65 దాటినవాళ్ళు కూడా అడిగాకే మొదలుపెట్టండి. ఆ వయసులో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది, అది తిరిగి రావడం కష్టం.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తిండి తగ్గించి మాత్ర అంతే వేసుకుంటే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి పరీక్షిస్తే 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. అసలు అక్కడిదాకా రానివ్వకుండా, తిండి మార్చే ముందే డోసు గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. బీపీ మాత్రలకీ ఇదే మాట. బరువు తగ్గేకొద్దీ ఆ డోసు ఎక్కువైపోయి కళ్ళు తిరగొచ్చు.

కావలసినవి

- వంటింటి తూకం మిషన్ (5 కిలోల వరకు తూచే మామూలుది చాలు)
- కొలత చెంచాలు, కనీసం 5 మి.లీ.ది ఒకటి
- బరువు చూసుకునే మిషన్, దర్జీ టేపు
- ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో యాప్ అలవాటుంటే అదీ సరే

తూకం మిషన్ కొనడం కుదరకపోతే ఒక పని చెయ్యండి. మీరు రోజూ బియ్యం కొలిచే గ్లాసు, పప్పు తీసే గరిటె పట్టుకుని మీ వీధి కిరాణా కొట్టుకు వెళ్ళి, గ్లాసెడు బియ్యం, గరిటెడు కందిపప్పు ఎన్ని గ్రాములో అతని కాటా మీద ఒక్కసారి తూయించుకోండి. ఆ అంకెలు వంటింటి అలమర తలుపు మీద రాసుకుంటే ఇక మిషన్ అక్కర్లేదు.

1. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం. అలవాటుగా ఏం తింటారో అదే తినండి, ఒక్క మెతుకు తగ్గించకండి. తిన్నదీ తాగిందీ అంతా పుస్తకంలోకి ఎక్కాలి. పిల్లాడు వదిలేసిన దోసె ముక్క, ఉప్పు చూడటానికి నోట్లో వేసుకున్న రెండు చెంచాల కూర, ఆఫీసులో ఎవరో పంచిన పుట్టినరోజు కేకు కూడా.

బియ్యం, పప్పు పచ్చివే తూచండి. వండాక నీళ్ళు ఎంత పీల్చుకున్నాయన్నదాన్ని బట్టి బరువు మారిపోతుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు. అది ఉడికితే 270 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. అందుకే 100 గ్రాముల అన్నానికి సుమారు 130 వేసుకుంటే చాలు. చాలామంది పచ్చి బియ్యం లెక్కను అన్నానికి వేసుకుని, “అమ్మో, ఒక కప్పు అన్నంలో ఇన్ని కేలరీలా” అని భయపడి అన్నం మానేస్తారు.

ఇక నూనె. లెక్క తప్పేదంతా ఇక్కడే. మా పక్కింటి వదిన “నేను కూరకు రెండు చెంచాలే వేస్తానమ్మా” అనేది. ఒకరోజు ఆవిడ వంకాయ కూరకు బాణలి పెట్టినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. నూనె సీసాను మూకుడు మీద అలవాటుగా ఒక చుట్టు తిప్పింది. “ఆగండొదినా” అని, ఆ నూనెను గిన్నెలోకి వంపించి కొలత చెంచాతో కొలిపించాను. తొమ్మిది చెంచాలు! ఒక్కో చెంచా 40 కేలరీలు. అంటే ఇంకా వంకాయ పడకముందే కూర 360 దగ్గర ఉంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. చెయ్యి పాతికేళ్ళుగా తిరుగుతున్న తీరు అది, కంటికి రెండు చెంచాల్లాగే కనబడుతుంది.

రోజూ చెంచాతో కొలిచే ఓపిక లేకపోతే నెలకు ఎన్ని ప్యాకెట్లు అయ్యాయో లెక్కపెట్టండి. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది. నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్లయితే మనిషికి రోజుకు సుమారు 23 గ్రాములు, అంటే 205 కేలరీలు. అదే 5 లీటర్లయితే 38 గ్రాములు, 340 కేలరీలు. రోజుకు 135 తేడా వంటనూనెలోనే వస్తుంది.

2. మీ శరీరానికి ఎంత కావాలో లెక్కెయ్యండి

ఏమీ చెయ్యకుండా పడుకుని ఉన్నా గుండె, మెదడు, కాలేయం పనిచెయ్యడానికి కొంత శక్తి కావాలి. దాన్ని అంచనా వేసే సూత్రాల్లో ఎక్కువగా వాడేది మిఫ్లిన్-సెయింట్ జియోర్, 1990లో వచ్చింది.

బరువు (కిలోలు) × 10, దానికి ఎత్తు (సెం.మీ.) × 6.25 కలపండి, అందులోంచి వయసు × 5 తీసెయ్యండి. మగవాళ్ళయితే చివర్లో 5 కలపాలి, ఆడవాళ్ళయితే 161 తీసెయ్యాలి.

ఉదాహరణకు 38 ఏళ్ళ ఆవిడ, 158 సెం.మీ., 74 కిలోలు. 740 + 987 – 190 – 161 = సుమారు 1,376. ఇది పడుకుని ఉంటే అయ్యే ఖర్చు. ఇప్పుడు మీ రోజు ఎలా గడుస్తుందో చూసి దీన్ని హెచ్చించండి. రోజంతా కూర్చునే పనైతే 1.2తో, ఇంటిపనీ అరగంట నడకా ఉంటే 1.375తో, ఎక్కువసేపు నిలబడి తిరిగే పనైతే 1.55తో. మన ఉదాహరణలో ఆవిడ ఇల్లు చూసుకుంటూ రోజూ నడుస్తుంది. 1,376 × 1.375 = సుమారు 1,890. రోజుకు ఇంత తింటే ఆవిడ బరువు పెరగదు, తగ్గదు.

వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టు అందరికీ ఎందుకు పనికిరాదో ఈ లెక్కలోనే తెలుస్తుంది. 45 ఏళ్ళు, 170 సెం.మీ., 85 కిలోలున్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు రుషికొండ వైపు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటారు, ఇంకొకరు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టంతా నిలబడి తిరుగుతారు. మొదటాయనకు సుమారు 2,030 చాలు, రెండో ఆయనకు 2,620 కావాలి. తేడా దాదాపు 600, అంటే ఒక పూట భోజనం. ఇద్దరికీ ఒకే చార్టు ఇస్తే రెండో ఆయన నైట్ షిఫ్టులో కళ్ళు తిరిగి పడతారు.

ఈ సూత్రం ఇచ్చేది అంచనా మాత్రమే. 100, 150 అటూ ఇటూ ఉండొచ్చు. సరైన అంకె 8వ మెట్టులో మీ శరీరమే చెబుతుంది.

3. ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆగాలి

వచ్చిన అంకెలోంచి 300 నుంచి 500 వరకే తగ్గించండి. ఈ తగ్గింపునే కింద లోటు అంటాను. ఆవిడకు 1,890లోంచి 400 తీస్తే 1,490, లెక్క తేలిగ్గా ఉండటానికి 1,500 అనుకుందాం. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి ఈ లెక్కన నెలకు కిలోన్నర తగ్గుతుంది. “అంతేనా?” అంటారని తెలుసు. అంతే. ఏడాదికి లెక్కేసుకుని చూడండి.

ఎంత తొందరున్నా దాటకూడని గీతలు రెండున్నాయి. ఆడవాళ్ళు 1,200 కన్నా, మగవాళ్ళు 1,500 కన్నా కిందికి డాక్టరు పర్యవేక్షణ లేకుండా దిగకూడదు. అది ఆఖరి మెట్టని గుర్తుంచుకోండి, మీ లక్ష్యం అక్కడ ఉండాలని కాదు. ఎత్తుగా ఉన్నవాళ్ళకు, కష్టం చేసేవాళ్ళకు 1,200 అసలు చాలదు. నా మటుకు నేను ఇంకో గీత కూడా పెట్టుకున్నాను. పడుకుని ఉంటే అయ్యే ఖర్చు, అంటే పై ఉదాహరణలో 1,376, దానికన్నా తగ్గకుండా చూసుకుంటాను. చాలామందికి ఇది హాయిగా సరిపోతుంది.

800 కన్నా తక్కువ తినే పద్ధతులు ఉన్నమాట నిజమే. వాటిని డాక్టర్లు పరీక్షలు చేయిస్తూ, కొద్దికాలమే వాడతారు. బరువు మరీ వేగంగా పడిపోతే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో ప్రయోగాలు చేసే సంగతి కాదిది.

4. ఇప్పటికే మరీ తక్కువ తింటున్నారా? నెమ్మదిగా పెంచండి

మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. అంత తక్కువ తింటున్నా ముల్లు ఎందుకు కదలదు?

మూడు రోజుల పుస్తకం తెరిచి, దాన్నిబట్టి వారమంతా లెక్కేస్తే సాధారణంగా ఇలా ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 900. శనివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా, బజ్జీలు, ఐస్‌క్రీమ్. ఆదివారం బిర్యానీ. ఐదు రోజులు ఆకలితో ఉన్న శరీరం ఆ రెండు రోజులూ వసూలు చేసుకుంటుంది, దాన్ని తప్పుపట్టలేం. ఆ రెండు రోజులకు 2,800 చొప్పున వేసుకోండి. వారం మొత్తం 10,100, రోజుకు సగటు 1,440. దానికి రోజూ లెక్కలోకి రాని ఓ 200, అంటే నూనె, రుచి చూసినవి, పిల్లల మిగుళ్ళు కలపండి. 1,640 అయింది.

అంటే ఐదు రోజులు కడుపు మాడ్చుకుని సాధించిందీ, ఏడు రోజులూ కడుపునిండా 1,640 తింటే వచ్చేదీ ఒకటే. పైగా ఆకలి మీద శరీరంలో నీరు చేరి, ఆ తగ్గిన కాస్తా మిషన్ మీద కనబడదు. “నా మెటబాలిజం పాడైపోయింది” అని చాలామంది బెంగపడతారు. తక్కువ తిన్నప్పుడు శరీరం ఖర్చు కొంత తగ్గించుకుంటుంది, మనకు తెలియకుండానే కదలడం కూడా తగ్గిపోతుంది. అంతేగాని బండి చెడిపోలేదు. టెన్షన్ పడకండి.

పెంచే పద్ధతి: వారానికి రోజువారీ లెక్కలో 100 నుంచి 150 మాత్రమే కలపండి. మొదటి వారం పొద్దున ఇడ్లీతో ఒక గుడ్డు, ఒక జామకాయ. రెండో వారం మధ్యాహ్నం గరిటెడు పప్పు, కప్పు పెరుగు. మూడో వారం సాయంత్రం గుప్పెడు శనగ గుగ్గిళ్ళు. ఇలా మీ లక్ష్యం చేరేదాకా. మొదటి పది రోజుల్లో అరకిలో నుంచి కిలో పెరిగినట్టు కనబడొచ్చు. అది పేగుల్లో ఉన్న తిండి, కండరాల్లో నిల్వ చేరిన పిండిపదార్థం, దాన్ని పట్టుకున్న నీరు. కొవ్వు కాదు. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి మళ్ళీ ఇడ్లీ, మజ్జిగకు వెళ్ళిపోతారు. దయచేసి మూడు వారాలు ఆగండి.

పట్టుమని నాలుగైదు రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా పెద్ద భోజనం చెయ్యొద్దు. డాక్టరును కలిసి మొదలుపెట్టాలి. అలాంటి పరిస్థితిలో హఠాత్తుగా తింటే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావచ్చు.

5. కంచంలో ముందు మాంసకృత్తులు

బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా ఉండాలంటే కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు పెట్టుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కిలోకు 0.83 గ్రాములు చెబుతుంది. తిండి తగ్గించినప్పుడు ఇంకాస్త ఎక్కువ అవసరం. 74 కిలోల ఆవిడకు రోజుకు 75 గ్రాములు.

విశాఖలో ఉండి దీనికి ఇబ్బంది పడాల్సిన పనిలేదు. ఫిషింగ్ హార్బర్ మన ఊళ్ళోనే ఉంది. వంజరం (కోనెం) ధర చూసి వెనక్కి రాకండి. కవళ్ళు, కానాగంతలు చవక, మాంసకృత్తులు ఏమాత్రం తక్కువ కావు, గుండెకు మేలు చేసే కొవ్వు వాటిలోనే ఎక్కువ. 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పులుసు పెట్టుకోండి. అదే ముక్కను నూనెలో వేపితే లెక్క తప్పుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ చేప దొరక్క చాలామంది పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు. అప్పుడు చెరువు చేపలు బొచ్చె, శీలావతి తీసుకోండి, లేదా గుడ్లు, స్కిన్ తీసిన చికెన్. ఎండు నెత్తళ్ళు కూడా మంచివే గానీ వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. బీపీ ఉంటే వాటి జోలికి వెళ్ళొద్దు.

శాకాహారులకు: 30 గ్రాముల కందిపప్పులో 6–7 గ్రాములు, 100 గ్రాముల పెరుగులో 3–4, 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో సుమారు 15. ఉలవలు, బొబ్బర్లు, పెసలు రైతుబజారులో దొరుకుతాయి, వారంలో ఒక్కోరోజు ఒక్కోటి నానబెట్టుకోండి. పనీర్ మంచిదే కానీ 100 గ్రాములకు 260 పైన కేలరీలుంటాయి, తూచి వేసుకోండి. పప్పు ఎంత పలచగా ఉందో కూడా చూసుకోవాలి. నలుగురికి గుప్పెడు కందిపప్పు వేసి గిన్నె నిండా పప్పుచారు చేసుకుంటే ఒక్కొక్కరికి దక్కేది రెండు గ్రాములే.

6. ఒక రోజు ఇలా ఉంటుంది

1,500 లక్ష్యంగా పెట్టుకున్న ఆవిడకు ఒక రోజు లెక్క ఇది. అక్షరాలా పాటించమని కాదు, 1,500లో ఎంత తిండి పడుతుందో కళ్ళతో చూడటానికి రాస్తున్నాను.

పొద్దున పాలు పోసిన కాఫీ, చెంచా పంచదారతో 80. టిఫిన్‌కు 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు చెంచాల నూనె, అల్లం పచ్చడి, మొత్తం 280. పదకొండింటికి జామకాయ 70. మధ్యాహ్నం 180 గ్రాముల అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో తోటకూర పప్పు, బీరకాయ కూర, పెరుగు, పోపుతో సహా 520. సాయంత్రం 30 గ్రాముల శనగలతో గుగ్గిళ్ళు, టీ కలిపి 170. రాత్రి 150 గ్రాముల చేపతో పులుసు, 120 గ్రాముల అన్నం, కీరా ముక్కలు 435.

మొత్తం 1,555. మాంసకృత్తులు 70 గ్రాముల పైమాటే. అన్నం రెండు పూటలా ఉంది, పెసరట్టు ఉంది, కాఫీలో పంచదార ఉంది. 55 ఎక్కువైందని గింజుకోకండి, వారం సగటే ముఖ్యం.

మార్పులు మీ ఇష్టం. పెసరట్టు బదులు రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు వేసుకోవచ్చు. పల్లీ చట్నీ మాత్రం గిన్నెతో కాకుండా రెండు చెంచాలు పెట్టుకోండి. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములే 170 కేలరీలు. చోడి (రాగి) అంబలి అలవాటుంటే మానొద్దు, చాలా మంచిది. అయితే చోళ్ళలోనూ గ్రాముకు దాదాపు బియ్యంలో ఉన్నన్ని కేలరీలే ఉంటాయి. “చోళ్ళే కదా” అని లెక్కలేకుండా తాగడానికి లేదు.

నైట్ షిఫ్టు చేసేవాళ్ళు రోజును గడియారంతో చూడకండి. నిద్ర లేచిన దగ్గర్నుంచి మీ రోజు మొదలు. డ్యూటీకి వెళ్ళేముందు పెద్ద భోజనం, మధ్యలో డబ్బాలో గుడ్లో గుగ్గిళ్ళో మజ్జిగో, ఇంటికొచ్చాక తేలికైన టిఫిన్ చేసి పడుకోండి. షిఫ్టంతా టీ, బిస్కెట్ల మీద గడిపి పొద్దున్నే బండి దగ్గర పూరీలు తినడం వల్లే చాలామంది లెక్క తప్పుతుంది.

7. పండగలు, ఉపవాసాలు, గిరి ప్రదక్షిణ

కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉంటాయి. ఆ రోజు తగ్గిన కేలరీలను బోనస్ అనుకోకండి. మర్నాడు మామూలు లక్ష్యమే తినండి, ఇంకా తగ్గించొద్దు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 32 కిలోమీటర్ల నడక అది, ఉక్కపోత కాలం. ఆ రోజు, దాని ముందురోజు లోటు పెట్టుకోవద్దు. బరువు నిలబడే లెక్కకే తినండి, అంటే మన ఉదాహరణలో 1,890, నడిచే రోజు అంతకన్నా ఎక్కువే. దారిపొడుగునా భక్తులు ఇచ్చే మజ్జిగ, పండ్లు, పులిహోర తీసుకోండి. ఆ ప్రసాదం దగ్గర కేలరీలు లెక్కెయ్యకండి.

8. సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోండి

బరువు: పొద్దున్నే బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, వారంలో మూడు నాలుగు రోజులు చూసి సగటు రాయండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి. ఒక్కరోజు అంకెకు విలువ లేదు. రాత్రి ఆవకాయ ఎక్కువ తిన్నా, నెలసరి ముందైనా, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా కిలో పైన నీరు చేరుతుంది. మన ఊరి మే నెల చెమటకు అంతే నీరు పోతుంది కూడా. అది చూసి సంబరపడటమూ వద్దు.

నడుము: పక్కటెముకల చివరికీ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. రెండు వారాలకొకసారి చాలు. భారతీయుల్లో ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెం.మీ. దాటితే షుగరు, గుండెజబ్బుల ప్రమాదం ఎక్కువని లెక్క. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

సత్తువ: నేను కైలాసగిరి మెట్లతో చూసుకుంటాను. నెలకోసారి ఎక్కి, ఎన్నిచోట్ల ఆగానో రాసుకుంటాను. మీకు అపార్ట్‌మెంట్ మెట్లైనా చాలు. బరువు తగ్గుతూ ఆయాసం కూడా తగ్గాలి. బరువు తగ్గుతున్నా కాళ్ళు పీకుతూ, ముందుకన్నా ఎక్కువసార్లు ఆగాల్సివస్తే కండ పోతోందన్నమాట. తిండి చాలట్లేదు.

ఇక సర్దుకోవడం. మొదటి రెండు వారాల్లో రెండు కిలోలు తగ్గినా అందులో ఎక్కువ నీరే, దాన్ని వదిలెయ్యండి. ఆ తర్వాత వారానికి మీ బరువులో అరశాతం దాకా తగ్గుతుంటే బాగుంది. ఒక శాతం దాటుతుంటే, అంటే 74 కిలోలకు వారానికి 740 గ్రాముల పైన పోతుంటే, రోజుకు 150 నుంచి 200 కలపండి. నాలుగు వారాలు బరువు, నడుము రెండూ కదలకపోతే తిండి తగ్గించే ముందు నూనె మళ్ళీ కొలవండి. పదింట్లో ఎనిమిదిసార్లు నాకు జవాబు ఆ సీసాలోనే దొరికింది. అదీ సరిగ్గా ఉంటే 100 తగ్గించండి, లేదా ఇంకో 20 నిమిషాలు నడవండి. ప్రతి 5 కిలోలకు 2వ మెట్టు లెక్క కొత్త బరువుతో మళ్ళీ వేసుకోవాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నం పూర్తిగా మానెయ్యడం. మన నాలుకకు అన్నం పడకపోతే భోజనం అయినట్టుండదు. రాత్రి పదింటికి ఫ్రిజ్ తలుపు తెరిపించేది ఆ వెలితే. తూచుకుని తినండి.

వాచీలో చూపించిన కేలరీలను తినెయ్యడం. నడకకు 300 ఖర్చయిందని వాచీ చెబితే దాన్ని అంతగా నమ్మకండి. పైగా 1.375తో హెచ్చించినప్పుడే ఆ నడక లెక్కలోకి వచ్చేసింది. మళ్ళీ కలిపితే రెండుసార్లు కలిపినట్టు.

ఆదివారం ఎక్కువ తిన్నామని సోమవారం లంఖణం చెయ్యడం. 4వ మెట్టులో చెప్పిన చక్రం మళ్ళీ అక్కడే మొదలవుతుంది. సోమవారం పొద్దున మామూలుగా టిఫిన్ తినండి.

చెరకురసం, జ్యూసులు లెక్కలోకి రావనుకోవడం. కొబ్బరిబొండం పరవాలేదు, నీళ్ళు 100 మి.లీ.కి 20 కేలరీల దరిదాపుల్లోనే ఉంటాయి. చెరకురసం సంగతి వేరు, అది పంచదార నీళ్ళే.

ఇంట్లో అందరికీ వడ్డించి మిగిలింది తినడం. ఈ తప్పు మన ఆడవాళ్ళదే. చేప ముక్కలు పిల్లలకూ ఆయనకూ వేసి పులుసు మెతుకులు మనం తింటాం. మీ ముక్కలు ముందే ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. మొదట్లో మా ఇంట్లో వింతగా చూశారు. ఇప్పుడు మా అబ్బాయే “అమ్మ గిన్నె తీశావా?” అని అడుగుతాడు.

ఇవి కనబడితే లోటు ఆపేసి డాక్టరును కలవండి

కళ్ళు తిరిగి పడిపోవడం, గుండెదడ, కుడివైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి ఉంటే ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే వెళ్ళండి. మూడు నెలలు నెలసరి రాకపోవడం, ఇంత ఉక్కలోనూ చలి వెయ్యడం, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ తిండి గురించే ఆలోచనలు రావడం కూడా తిండి చాలట్లేదని చెప్పే గుర్తులే. జుట్టు రాలడం రెండు మూడు నెలలు ఆలస్యంగా కనబడుతుంది కాబట్టి, ఇప్పుడు రాలుతుంటే మూడు నెలల కిందట ఏం తిన్నారో గుర్తుచేసుకోండి. తిండి సరిచేశాక అది మళ్ళీ రావడానికీ కొన్ని నెలలు పడుతుంది. నాకు ఆరు పట్టింది. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే కనబడతాయి, అందుకే రక్తపరీక్ష చేయించుకోండి. వెళ్ళేటప్పుడు మీ నోటు పుస్తకం పట్టుకెళ్ళండి. “ఏం తింటున్నారు?” అని డాక్టరు అడిగినప్పుడు “మామూలుగానే అండీ” అనే జవాబు కన్నా ఆ పేజీలు ఎంతో మేలు.